కునుకు తీసిన అంకె

పన్నెండున్నరకు దీపాలు ఆరిపోతాయి. జూబెయ్ ఊళ్ళోని ఆ కంపెనీ మూడో అంతస్తులో నూట పది మంది ఒక్కసారే బల్లల మీదికి వాలిపోతారు. కొందరికి బల్ల కింద దాచుకున్న మడత మంచాలున్నాయి, కొందరికి మెడ చుట్టూ పెట్టుకునే దిండ్లున్నాయి, ఏమీ లేనివాళ్ళకు సొంత చేతులున్నాయి. ఒంటిగంటన్నరకు మళ్ళీ దీపాలు వెలిగేదాకా అక్కడ కీబోర్డు టకటకలాడించినవాణ్ణి ఎవరూ క్షమించరు. ఫోన్ మోగిందా, ఆ ఫోన్ ఎవరిదో వాళ్ళకు వారం రోజులు ఎవరి నుంచీ మంచి మాట దక్కదు.

పెంగ్ రుయ్‌షాంగ్ ఈ మధ్యాహ్నపు నిద్ర ఇరవై మూడేళ్ళుగా పోతోంది. ఆమెకు యాభై మూడేళ్ళు. పాత ఊలు స్వెట్టరు తల మీదుగా కప్పుకుని, కుడి చెంప బల్లకు ఆనించి, రెండు నిమిషాల్లో గుర్రు పెడుతుంది. రాత్రి ఎంత పడుకున్నా తీరని అలసట ఆమెది. పొద్దున్నే పక్క ఊరు జూడోంగ్ నుంచి స్కూటరు మీద ఎదురుగాలికి వంగి వంగి వస్తుంది. వచ్చేసరికే సగం బలం గాలికి పోతుంది. మిగతా సగంతో సాయంత్రం దాకా నెట్టుకురావాలి. ఆ గంట కునుకే లేకపోతే తను ఏనాడో ఉద్యోగం మానేసి ఉండేదాన్నని ఆమే అంటుంది.

ఆమె పని కొలవడం. కంప్యూటర్లలో సమాచారం దాచిపెట్టే ఎస్‌ఎస్‌డీ డ్రైవ్‌లు తయారుచేసే కంపెనీ అది. వేలెడంత పొడవున్న పచ్చ పలక, దాని మీద నాలుగు నల్ల చిప్పులు, అంతే సరుకు. ఆ పలక ఎంత వేగంగా చదువుతుందో, ఎంత వేగంగా రాస్తుందో, ఎన్నాళ్ళు బతుకుతుందో తేల్చి, కాగితం మీద అంకెలు వేసి, కింద తన పేరున్న ఎర్ర ముద్ర కొట్టాలి. ఆ ముద్ర పడ్డాకే ఆ అంకెలు పెట్టె మీద అచ్చవుతాయి. ఆ ఏడాది ఆమె చేతిలో ఉన్నది మధ్యతరగతి సరుకు. గొప్పవాళ్ళు కొనేదీ కాదు, మరీ నాసిరకమూ కాదు. ఇంట్లో కంప్యూటర్ నత్తలా నడుస్తోందని విసిగిపోయినవాళ్ళు కొనుక్కునే రకం. వెయ్యి గిగాబైట్లు, చదవడం సెకనుకు ఐదువేల మెగాబైట్ల వరకు, రాయడం నాలుగువేల రెండొందల వరకు, ఐదేళ్ళ హామీ.

ఈ 'వరకు' అనే మాట లియావ్ సొత్తు. పెట్టెల మీదికి, ప్రకటనల్లోకి మాటలు రాసేవాడు లియావ్. నలభై దాటాయి, బొజ్జ పెరిగింది, నోరు ఊరుకోదు. "షాంగక్కా, ఈ 'వరకు' కనిపెట్టిన మహానుభావుడెవడో గానీ, వాడికి రోజూ రెండు అగరొత్తులు వెలిగించాలి. నాలుగువేల రెండొందల వరకు అన్నామనుకో, నాలుగొచ్చినా మనం అబద్ధమాడినట్టు కాదు," అంటాడు. "నువ్వు రాసే మాటలకు 'వరకు' కావాలేమో గానీ, నేను వేసే అంకెలకు అక్కర్లేదు," అంటుంది రుయ్‌షాంగ్. ఆ మాట అనే హక్కు ఆమెకుంది. కొత్తగా చేరినవాళ్ళను ప్రయోగశాల చూపించడానికి తీసుకొచ్చినప్పుడల్లా ఆమె బల్ల దగ్గర ఆపి, "ఈవిడ కొలిచారంటే ఇక ఎవరూ మళ్ళీ కొలవక్కర్లేదు," అని పరిచయం చేస్తారు. పెళ్ళి లేదు, పిల్లలు లేరు, ఇల్లు అక్క పేర ఉంది. తనదని చెప్పుకోవడానికి ఆమెకున్నది ఆ ఒక్క మాటే. ఇంకో రెండేళ్ళలో ఆ మాట వెంటబెట్టుకుని ఇంటికెళ్ళి హాయిగా పడుకుందామని ఆమె ఆశ.

కొలిచే పద్ధతి కూడా ఆమె రాసిందే, పదహారేళ్ళ కింద. మొత్తం పద్నాలుగు మెట్లు. పొద్దున్న డ్రైవ్‌ను పూర్తిగా తుడిచేసి ఖాళీగా ఉన్నప్పుడు ఒక కొలత. తర్వాత అందులో నూటికి ఎనభై వంతులు నింపడం. అది పన్నెండుంబావుకు అటూ ఇటూగా ముగుస్తుంది. పద్నాలుగో మెట్టు, నిండిన డ్రైవ్ మీద మళ్ళీ రాసి వేగం చూడటం. జనం ఇళ్ళల్లో వాడేది నిండిన డ్రైవే కాబట్టి ఆ అంకే అసలైనదని ఆమె పట్టుబట్టి చేర్చింది. ఖాళీ డ్రైవ్ ఎవడైనా పరిగెత్తిస్తాడు, అందులో గొప్పేముందని అప్పట్లో పై అధికారితో గొడవ కూడా పడింది. ఆ మెట్టు పక్కన తన చేత్తోనే 'మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలుపెట్టాలి' అని రాసింది. అలా ఎందుకు రాసిందంటే, పన్నెండున్నర నుంచి తను పడుకుని ఉంటుంది కాబట్టి. అంతకు మించి ఏ కారణమూ లేదు.

సెప్టెంబరులో ఒక గురువారం తుఫాను వచ్చింది. తుఫాను సెలవు సంగతి ప్రభుత్వం ముందు రోజే చెప్పడం అలవాటు. ఆ రోజు మాత్రం తుఫాను దారి మార్చుకుంది, పదకొండున్నరకు ప్రకటన వచ్చింది, ఒంటిగంట నుంచి ఆఫీసులన్నీ బంద్ అని. అంతస్తంతా బడి వదిలినట్టయింది.

"షాంగక్కా, స్కూటరు ఇక్కడే వదిలెయ్. నా కారులో దింపుతాను. గాలికి నువ్వు ఎగిరిపోతే మాకు అంకెలెవరిస్తారు?" అన్నాడు లియావ్.

"ఒక్క మెట్టు మిగిలింది. అది కానిచ్చి వస్తా."

కొత్త విడత డ్రైవ్ అది. పేరు పాతదే, పెట్టె పాతదే. లోపలి చిప్పులు మాత్రం మారాయి. ఒక్కో గదిలో మూడు ముక్కల సమాచారం పట్టే చిప్పుల బదులు, నాలుగు ముక్కలు పట్టేవి పెట్టారు. చవకగా వస్తాయి, నెమ్మదిగా రాస్తాయి. అంకెలు మాత్రం పాతవే నిలబడాలని పైవాళ్ళ కోరిక. సోమవారానికల్లా ముద్ర పడాలి. పొద్దుటి కొలతలన్నీ బాగానే వచ్చాయి. పన్నెండుంబావుకు నింపడం పూర్తయింది. రుయ్‌షాంగ్ నిద్ర సంగతి పక్కనపెట్టి పద్నాలుగో మెట్టు అప్పుడే మొదలుపెట్టింది.

తెర మీద నూట పద్దెనిమిది వచ్చింది.

నాలుగువేలు రావలసిన చోట నూట పద్దెనిమిది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. నూట పద్దెనిమిదే. డ్రైవ్ చెడిపోయిందనుకుంది. అదే పొద్దున్న నింపిన రెండో డ్రైవ్ పక్క బల్ల మీద ఉంది. దాన్నీ నడిపింది. నూట ఇరవై ఒకటి. కిటికీ అద్దాలు గాలికి దడదడలాడుతున్నాయి. లియావ్ గుమ్మంలో నిలబడి తాళాలు గలగలలాడిస్తున్నాడు. ఆమె యంత్రాలు ఆపేసి, బ్యాగు తగిలించుకుని వెళ్ళిపోయింది.

జూడోంగ్‌లో ఇంటి తలుపు తెరిస్తే లోపల అడుగు పెట్టే చోటు లేదు. అక్క యూలాన్‌కు అక్కడి బజారులో సేమ్యా అంగడి ఉంది. వెడల్పాటి బియ్యప్పిండి సేమ్యా, ఉప్పు పట్టించిన పంది మాంసం, ఎండబెట్టిన ముల్లంగి అమ్ముతుంది. తుఫానుకు అంగడి మూసేసి, సరుకంతా చిన్న లారీలో వేయించుకొచ్చి ముందు గదిలో గుమ్మరించింది. జాడీలు, బుట్టలు, తరాజు, మూడు పీటలు, వాటి మధ్య చీర కుచ్చిళ్ళలా సేమ్యా పొరలు. ఆ మధ్యలో అరవై ఏళ్ళ యూలాన్ నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉంది.

"చెప్పులు ఎక్కడ విప్పను?" అంది రుయ్‌షాంగ్.

"నా నెత్తిన విప్పు. కనబడటంలా? లారీవాడు వానొస్తోందని గగ్గోలు పెడితే, పది నిమిషాల్లో అంతా ఇక్కడే కుమ్మరించాం. వాడేమో 'ఎంత చురుకమ్మా నువ్వు' అని మెచ్చుకుని పోయాడు. వాడిదేం పోయింది!"

"బయట ఇంకో రెండు జాడీలున్నాయి, తడుస్తున్నాయి."

"తడవనీ. ఇప్పుడు ఇంకొక్క గిన్నె తెచ్చినా పెట్టే చోటు లేదు. ఒకటి లోపలికి సర్దితే గానీ ఇంకొకటి రాదు. ఒక్క గంట నన్ను ఊపిరి పీల్చుకోనీ. అన్నీ లోపలి గదిలో సర్దేస్తాను, అప్పుడు మళ్ళీ లారీ వచ్చినా దించుకుంటా."

రుయ్‌షాంగ్ చెప్పులు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. అక్క చెప్పింది ఆమెకు తెలియని విద్యేమీ కాదు. డ్రైవ్ పని చేసేదీ ఇలాగే. వచ్చిన సమాచారాన్ని ముందు వాకిట్లో గబగబా పడేసుకుంటుంది, ఆ వేగమే పెట్టె మీద అచ్చవుతుంది. పని లేనప్పుడు దాన్ని తీరిగ్గా లోపలి గదుల్లోకి సర్దుకుని వాకిలి ఖాళీ చేసుకుంటుంది. వాకిలి నిండి ఉండగా ఇంకా వస్తే మాత్రం ఒకటి లోపల పెట్టి ఒకటి అందుకోవాలి, అప్పుడు వేగం చచ్చిపోతుంది. ఇదంతా ఆమెకు కంఠతా వచ్చు. ఆమె చెవిలో పడింది 'ఒక్క గంట' అన్న మాట.

"ఏమే, గాలి తగిలిందా? అలా బిగుసుకుపోయావేం?"

"అక్కా, నేను మధ్యాహ్నం ఎంతసేపు పడుకుంటాను?"

"ఏమో, నువ్వే అంటావుగా గంటని. నాకా భాగ్యం ఎక్కడిది."

పదహారేళ్ళుగా ప్రతి డ్రైవూ నిండిన తర్వాత సరిగ్గా ఆమెతో పాటే ఒక గంట పడుకుంది. లేచి, ఒళ్ళు విరుచుకుని, ఖాళీ వాకిలితో పరిగెత్తింది. ఆ పరుగును ఆమె కొలిచింది. నిండిన డ్రైవ్‌ను కొలుస్తున్నానని పై అధికారితో గొడవపడి మరీ కొలిచింది. చేతిలో చెప్పులతోనే ముల్లంగి బుట్ట పక్కన కూలబడింది. యూలాన్ భయపడి వేడి నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

శుక్రవారం గాలి తగ్గింది. కంపెనీకి వెళ్ళి నాలుగు డ్రైవ్‌లు నింపింది. రెండింటికి గంట విశ్రాంతి ఇచ్చింది, రెండింటికి ఇవ్వలేదు. ఇచ్చినవి నాలుగువేల నూట ముప్ఫై, నాలుగువేల తొంభై. ఇవ్వనివి నూట పద్దెనిమిది, నూట పదహారు. సందేహానికి తావే లేదు. కాగితం పట్టుకుని మేనేజర్ వెన్ గదికి వెళ్ళింది.

వెన్ ఆమె దగ్గర పని నేర్చుకున్నవాడే. పన్నెండేళ్ళ కింద చేరిన మొదటి రోజు స్క్రూడ్రైవరు తిరగేసి పట్టుకుంటే ఆమే సరిచేసింది. ఇప్పుడు అతనికి జుట్టు పల్చబడింది, కడుపులో మంటకు బల్ల సొరుగులో మందు సీసా ఉంటుంది. చెడ్డవాడని చెప్పడానికి లేదు. చాలాసేపు అంకెలు చూశాడు.

"ఎవరికైనా చెప్పారా అక్కా?"

"మీకే చెప్తున్నా."

"పాత మోడళ్ళ సంగతి?"

"పదకొండు మోడళ్ళు. అన్నీ ఈ పద్ధతిలోనే కొలిచాం. వాటిలో ఇంత తేడా ఉండకపోవచ్చు. ఎంతుందో మళ్ళీ కొలిస్తే గానీ తెలీదు."

"సోమవారం దాకా టైమివ్వండి," అన్నాడు వెన్.

సోమవారం పొద్దున్న అతనే ఆమె బల్ల దగ్గరికి వచ్చి ఒక కాగితం పెట్టాడు. పద్ధతి కాగితమే అది, కొత్తగా అచ్చు వేయించారు. పద్నాలుగో మెట్టు దగ్గర 'మధ్యాహ్నం ఒకటిన్నరకు' అన్న మాట తీసేసి, 'డ్రైవ్‌ను అరవై నిమిషాలు విశ్రాంతి స్థితిలో ఉంచిన పిమ్మట' అని పెట్టారు. కింద 'పద్ధతి రూపకర్త' అన్న గడి ఖాళీగా ఉంది. అక్కడ ఆమె ముద్ర పడాలి.

"ఇక తప్పేముంది చెప్పండి? దాచిపెట్టింది ఏమీ లేదు. విశ్రాంతి ఇచ్చాం, ఇచ్చామని రాశాం."

"ఎక్కడ రాశాం?"

"మన లోపలి కాగితంలో."

"పెట్టె మీద?"

వెన్ నవ్వాలా వద్దా అన్నట్టు చూశాడు. "పెట్టె మీద 'వరకు' ఉంది కదక్కా."

"అంటే నా నిద్రను పద్ధతి చేసేశారన్నమాట."

"పద్ధతి మీరు రాసిందే. నేను దానికి మంచి మాటలు వేశానంతే." గొంతు తగ్గించాడు. "అక్కా, ముద్ర వెయ్యండి. వేస్తే అన్నీ ఎప్పట్లాగే ఉంటాయి. వెయ్యకపోతే ఈ విడత ఆగిపోతుంది, అది నేను ఎలాగో పడతాను. కానీ ఎందుకు ఆగిందని అడుగుతారు. పెంగ్ రుయ్‌షాంగ్ పదహారేళ్ళు తప్పు కొలిచిందని చెప్పాలి. మీ గురించి ఆ మాట నా నోటితో చెప్పించకండి. ఆలోచించండి, పదహారేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు ఫిర్యాదు చేశాడా?"

"లేదు," అంది రుయ్‌షాంగ్. అలవాటుగా నోటికొచ్చిన మాట అది. అన్నాక ఆమెకే అనుమానం వచ్చింది.

అతను వెళ్ళాక పాత ఉత్తరాల దస్త్రం తెరిచింది. కొన్నవాళ్ళు రాసే ఉత్తరాల్లో లోతైన ప్రశ్నలుంటే ఆమెకే పంపేవాళ్ళు. జవాబు ఆమే రాసేది. 'మొదట్లో వేగం, తర్వాత నెమ్మది' అన్న ఫిర్యాదులు వెతికితే నలభై ఒక్క మందివి తేలాయి. నలభై ఒక్క మందికీ ఆమె జవాబు ఒకటే, నాలుగు వాక్యాలు. మా ప్రయోగశాలలో నిండిన డ్రైవ్ మీదే కొలిచాం, వేగంలో లోపం లేదు, లోపం మీ కంప్యూటర్‌లో ఉండవచ్చు, దయచేసి చూపించుకోండి. కింద పూర్తి పేరు. రాసినప్పుడు ఆమెకు విసుగు తప్ప ఇంకేమీ లేదు. జనానికి వాడటం రాదు, మన మీద పడతారు అనుకుంది. ఇప్పుడు వరసగా చదువుతుంటే ఆ నాలుగు వాక్యాలు ఎంత పొగరుగా ఉన్నాయో ఆమెకే కనిపించింది.

సూ జిన్‌ఫా అనే అతను మూడుసార్లు రాశాడు. తైనాన్ మనిషి, పెళ్ళి వీడియోలు తీసేవాడు, ఎనిమిదేళ్ళ కిందటి మాట. మొదటి ఉత్తరంలో కోపం ఉంది, సగం పెళ్ళి వీడియో ఎక్కేసరికి డ్రైవ్ మూలుగుతోందని. రెండో దాంట్లో గంటలు, నిమిషాలు పట్టిక వేసి మరీ పంపాడు. పట్టిక చక్కగా ఉంది. ఆమె దాన్ని పూర్తిగా చూసిన గుర్తు కూడా లేదు. మూడో ఉత్తరం చిన్నది. 'మీరు చెప్పారని కొత్త కంప్యూటర్ కొన్నాను. అదీ ఇంతే. బహుశా నాకే వాడటం చేతకాదేమో. పెద్ద చదువులు చదివినవాణ్ణి కాదు. పదేపదే ఇబ్బంది పెట్టినందుకు క్షమించండి.'

దానికి ఆమె జవాబు రాయలేదు. క్షమాపణ వచ్చింది కాబట్టి ఫిర్యాదు ముగిసిందని గడిలో గీత కొట్టింది.

పన్నెండున్నరకు దీపాలు ఆరాయి. అందరూ వాలిపోయారు. రుయ్‌షాంగ్‌కు కళ్ళు మూతలు పడుతున్నాయి, ఒళ్ళంతా పచ్చి పుండులా ఉంది. వెన్ పెట్టిన కాగితం ముందే ఉంది, పక్కనే ముద్ర. ఒక్కసారి నొక్కితే చాలు, స్వెట్టరు కప్పుకుని పడుకోవచ్చు. నిజం చెప్పాలంటే ఆమె ముద్ర చేతిలోకి తీసుకుంది కూడా. నీతి కోసం కాదు, కేవలం నిద్ర కోసం నొక్కేసేదే. కానీ తెర మీద సూ జిన్‌ఫా ఉత్తరం ఇంకా మూసెయ్యలేదు, కింద అతని ఫోన్ నంబరుంది. ముద్ర పక్కన పెట్టి బల్ల ఫోను తీసింది. నంబరు నొక్కి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తలుపు చాటున మాట్లాడినట్టు గుసగుసగా మొదలుపెట్టింది.

"సూ జిన్‌ఫా గారేనాండీ?"

"ఎవరూ? గట్టిగా చెప్పమ్మా, ఇక్కడ గిన్నెలు కడుగుతున్నారు!" ముసలి గొంతు, దక్షిణాది యాస.

"ఎనిమిదేళ్ళ కింద మీరు మా డ్రైవ్ గురించి ఉత్తరాలు రాశారు. జవాబిచ్చింది నేను. పెంగ్ రుయ్‌షాంగ్ అంటారు."

"ఓ... ఆవిడా. అమ్మా, ఆ గొడవ ఎప్పుడో వదిలేశాను. ఏమైనా బాకీ ఉన్నానా మీకు?"

"లేదండీ. మీరు పంపిన పట్టిక సరైనదేనని చెప్దామని. డ్రైవ్‌లోనే ఉంది లోపం."

"నా కంప్యూటర్‌లో కాదూ?"

"కాదు."

"రెండో దాంట్లో?"

"దాంట్లోనూ కాదండీ."

"చూశావా మరి!" అన్నాడు ఎవరితోనో. మళ్ళీ ఫోన్లోకి వచ్చాడు. "అమ్మాయ్, నేను వీడియోల పని మానేశా, తెలుసా? చేతకాదనుకున్నా. పెళ్ళివాళ్ళ దగ్గర మాట పోయింది. ఇప్పుడు చేపల గంజి అమ్ముకుంటున్నాం. గంజి బాగానే పోతోందిలే, అది వేరే సంగతి. కానీ ఎనిమిదేళ్ళ నుంచీ మా ఆవిడ, నేను టీవీ రిమోటు ముట్టుకున్నా సరే, 'నువ్వు ముట్టుకోకు, నీకు మిషన్లు అచ్చిరావు' అంటుంది. ఇదిగో, ఇక్కడే ఉంది. స్పీకర్లో పెడతా. ఆ మాట ఇంకోసారి చెప్పు తల్లీ. గట్టిగా చెప్పు, దానికి చెవులు సరిగ్గా వినబడవు."

రుయ్‌షాంగ్ తలెత్తి చూసింది. చీకట్లో నూట పది తలలు. బల్ల ఫోనుకు తీగ ఉంది, మెట్ల దాకా వెళ్ళడానికి లేదు. వెన్ గది తలుపు సగం తెరిచే ఉంది.

"వినబడటంలా అమ్మాయ్!" అన్నాడు సూ.

ఆమె నోటి మీద నుంచి చెయ్యి తీసేసింది.

"తప్పు సూ గారిది కాదండీ. ఆయన కంప్యూటర్‌దీ కాదు. ఆ డ్రైవ్ కొలిచింది నేను. నేనే తప్పు కొలిచాను. పదహారేళ్ళుగా తప్పే కొలుస్తున్నాను."

ఒక్కొక్క తలా లేచింది. లియావ్ మెడకు దిండు వేలాడుతుండగానే కుర్చీ తిప్పి చూశాడు. ఎవడో మడత మంచం మీద నుంచి "ఏమైంది, భూకంపమా?" అన్నాడు. ఫోన్లో ఒక ఆడగొంతు, చాలా దగ్గరగా, నింపాదిగా వినిపించింది.

"అలాగైతే మొగుణ్ణి అన్నేళ్ళు ఎందుకు తిట్టానమ్మా నేను?"

"క్షమించండి," అంది రుయ్‌షాంగ్. సూ ముక్కు చీది, తైనాన్ వస్తే గంజి తాగి వెళ్ళమని చెప్పి పెట్టేశాడు. రుయ్‌షాంగ్ ఫోను పట్టుకునే కాసేపు ఏడ్చింది. ఆమె ఏడవడం ఆ అంతస్తులో ఎవరూ ఎప్పుడూ చూడలేదు, అందుకని అందరూ చూశారు.

వెన్ వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. అతని చెంప మీద చొక్కా చేతి మడత అచ్చు పడి ఉంది. ముద్ర లేని కాగితం చూశాడు. దాన్ని తీసుకోలేదు, అక్కడ వదిలెయ్యనూ లేదు, ఒక మూల పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా," అన్నాడు చివరికి, చాలా నెమ్మదిగా, "కాసేపు పడుకోండి. ఇంకా అరగంట ఉంది."

"ఇంకా నలభై మంది ఉన్నారు," అని రుయ్‌షాంగ్ రెండో నంబరు నొక్కింది.